పెండ్లి బల్లకు ఒకే గుడ్డ, ఒకే గ్లాసు



వేసవి వచ్చిందంటే మన సంఘాల్లో పెండ్లిండ్ల సందడి మొదలవుతుంది. ఈమధ్య ఒక తల్లి నన్ను ఇలా అడిగారు: "అమ్మాయి పెండ్లి విందు మందిరం ఆవరణలోనే పెట్టుకున్నాము. మూడు వందల మంది వస్తారు. బల్లలకు ఏ గుడ్డలు వేయాలి? కూల్‌డ్రింకులకు బదులు ఇంట్లోనే ఏదైనా చేయవచ్చా? వచ్చినవారి చేతికి చిన్న కానుక పెట్టాలని కూడా ఉంది. అప్పు చేయకుండా అవుతుందా?"

అవుతుంది. ఎలాగో చెప్పేముందు నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం మా బంధువుల ఇంట పెండ్లిలో బల్లలు సర్దే పని నాకు అప్పగించారు. పట్నం నుండి వచ్చే అతిథుల కోసం ముందు వరుసలో నాలుగు బల్లలకు తెల్లని గుడ్డలు అద్దెకు తెచ్చి వేశాను. వాటి మీద గాజు గ్లాసులు, సీసా కూల్‌డ్రింకులు. డబ్బు అక్కడికే అయిపోయింది. వెనుక బల్లల మీద పేపరు పరిచి, ప్లాస్టిక్ గ్లాసుల్లో రంగు కలిపిన తియ్యనీళ్లు పోయించాను. ఆ బల్లల దగ్గర కూర్చున్నది మా ఊరివాళ్లే. నాట్లు వేసి, కలుపు తీసి, ఆ మందిరం గోడలకు చందాలు ఇచ్చినవాళ్లే.

విందు అయ్యాక మా మేనత్త నన్ను పక్కకు పిలిచింది. "చూడమ్మా, నా చిన్నతనంలో టీకొట్టు దగ్గర మనకు వేరే గ్లాసు ఉండేది. తాగి, మనమే కడిగి, చూరులో పెట్టి రావాలి. అలాంటి గ్లాసు వద్దనే కదా మీ తాత ఈ మందిరానికి వచ్చాడు! ఈరోజు మందిరం ముంగిట్లోనే నువ్వు రెండు గ్లాసులు పెట్టావు" అంది.

నా దగ్గర జవాబు లేదు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, బీదవాడికి కాళ్లదగ్గర చోటు చూపించవద్దని యాకోబు పత్రిక రెండవ అధ్యాయంలో ఎన్నిసార్లు చదివాను! బల్లగుడ్డ పరిచేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

అందుకే ఆ తల్లికి నేను చెప్పిన మొదటి మాట ఇది: అన్ని బల్లలకూ వేయగలిగిన గుడ్డే ఎంచుకోండి. అందరికీ పోయగలిగిన పానీయమే చేయండి. అలా అనుకుంటే ఖర్చు దానంతట అదే హద్దులో ఉంటుంది.

బల్లగుడ్డలు

ముందు బంతిని లెక్క వేయండి. మూడు వందల మంది ఒకేసారి కూర్చోరు. బంతికి అరవై మంది అనుకుంటే, రెండు వైపులా కలిపి ఆరుగురు కూర్చునే బల్లలు పది చాలు. అంటే పది గుడ్డలు, కూర ఒలికితే మార్చడానికి మరో రెండు.

తరువాత బల్లను టేపుతో కొలవండి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బల్ల అనుకుందాం. చుట్టూ కనీసం 9 అంగుళాలు వేలాడాలంటే ఏడున్నర అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు గుడ్డ కావాలి. మామూలు సింగిల్ దుప్పటి 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉంటుంది. 90 అంగుళాలంటే సరిగ్గా ఏడున్నర అడుగులు! కాబట్టి అద్దె గుడ్డలకు పెట్టే డబ్బుతో నూలు దుప్పట్లు కొనడం మేలు. చేనేత సహకార దుకాణాల్లో దొరుకుతాయి. విందు అయ్యాక నాలుగు కొత్త దంపతుల ఇంటికి, మిగిలినవి సంఘ స్త్రీల సమాజానికి ఇవ్వండి. తరువాతి పెండ్లి ఇంటివారికి ఆ ఖర్చు తప్పుతుంది.

జారిపోయే శాటిన్ గుడ్డలు వద్దు. గాలికి ఎగురుతాయి, నీరు పీల్చవు. తెలుపు అందమే గాని పసుపు మరక పడితే కష్టం. మరక మీద సబ్బు రుద్దగానే ఎర్రబడుతుంది. అది చూసి భయపడవద్దు. బాగా జాడించి రెండు రోజులు ఎండలో వేస్తే పసుపు రంగు చాలావరకు పోతుంది. లేత గోధుమ రంగు గాని, చిన్న గళ్లవి గాని అయితే ఆ బాధ తక్కువ. రంగు దుప్పటి అయితే ఒక మూల తడిపి తెల్లబట్టతో రుద్ది చూడండి. రంగు అంటితే తీసుకోవద్దు. కొన్నవి ముందే ఒకసారి ఉతికి, పలుచగా గంజి పెట్టి ఇస్త్రీ చేయండి. భోజనం వడ్డించేటప్పుడు గుడ్డ మీద పేపరు పరిచి, బంతి బంతికీ దాన్ని తీసేయండి.

లేసు మీద మక్కువ ఉంటే కేకు పెట్టే బల్లకు ఒక్కదానికి వేయండి. అది అందరూ చూసే బల్ల. గోదావరి జిల్లాల్లో లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. నరసాపురం ప్రాంతంలో ఎందరో తల్లులు ఆ సూదితోనే పిల్లలను పెంచారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొంటే అల్లిన వారికి న్యాయమైన వెల ఇచ్చి కొనండి.

పానీయం

కానా ఊరి పెండ్లిలో పానీయం తక్కువై ఆ ఇంటివారు ఎంత ఇరకాటంలో పడ్డారో మనకు తెలుసు. అందుచేత లెక్క ముందే వేసుకుందాం.

నిమ్మ షర్బత్ మన ఎండలకు తగినది. ఒక లీటరు నిమ్మరసానికి రెండు కిలోల పంచదార, ఒక లీటరు నీరు. పంచదార, నీరు కలిపి మరిగించి, వడగట్టి, పూర్తిగా చల్లార్చండి. ఆ తరువాతే రసం కలపండి. రసాన్ని పొయ్యి మీద పెడితే రుచి చెడుతుంది. దీనితో సుమారు మూడుంబావు లీటర్ల పాకం వస్తుంది. ఒక వంతు పాకానికి మూడు వంతుల నీరు, చిటికెడు ఉప్పు.

మూడు వందల మందికి తలా 150 మి.లీ. చొప్పున 45 లీటర్ల షర్బత్ కావాలి. అంటే మూడున్నర లీటర్ల రసం, ఏడు కిలోల పంచదార. కాయకు 20 మి.లీ. రసం అనుకుంటే సుమారు 175 కాయలు. మరో పాతిక కాయలు, ఒక కిలో పంచదార అదనంగా ఉంచుకోండి. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలకు ఉప్పు, అల్లం వేసిన పలుచని మజ్జిగ ఒక బిందెడు సిద్ధం చేయండి.

షర్బత్‌లో కలిపే నీరు ముందురోజే తెర్లించి, మూతపెట్టి చల్లార్చిన నీరై ఉండాలి. చేపల పెట్టెలకు వాడే ఐసు అందులో వేయవద్దు. అది తాగడానికి చేసినది కాదు. ఒక్క ఐసు ముక్క వల్ల పెండ్లివారంతా మంచం పట్టవచ్చు. కొత్త కుండల్లో పోసి తడిగుడ్డ చుడితే చల్లదనం చాలు.

ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. స్టీలు గ్లాసులు అద్దెకు తెచ్చి, కడగడానికి ఇద్దరికి కూలి ఇచ్చి పెట్టండి. పాస్టరుగారికైనా, పాలేరుకైనా అదే గ్లాసు.

చేతికిచ్చే సీసా

మనిషికొకటి కాక కుటుంబానికొకటి ఇవ్వండి. ఎనభై కుటుంబాలకు 200 మి.లీ. సీసాలు ఎనభై. పైన చెప్పిన కొలతకు ఐదు రెట్లు చేస్తే సరిపోతుంది: ఐదు లీటర్ల రసం, పది కిలోల పంచదార. ఒక్కో సీసాతో ఇంట్లో నాలుగైదు గ్లాసులు కలుపుకోవచ్చు.

గాజు సీసాలే తీసుకోండి. సబ్బుతో కడిగి, చన్నీళ్లలో ముంచి పొయ్యి మీద పెట్టి, నీరు మరగడం మొదలయ్యాక పావుగంట ఉంచి, బోర్లించి ఆరబెట్టండి. తడి ఉంటే బూజు పడుతుంది. పాకం నిల్వ ఉండడానికి పొటాషియం మెటాబైసల్ఫైట్ అనే పొడి కలుపుతారు. లీటరు పాకానికి 0.6 గ్రాములు. ఐదు రెట్ల పాకానికి మొత్తం పది గ్రాములు చాలు, మించకూడదు. చెంచాతో కొలవకుండా కంసాలి త్రాసులో తూయించండి. చెంచాడు నీళ్లలో కరిగించి, చల్లారిన పాకంలో కలిపి, సీసా మూతి దగ్గర అంగుళం ఖాళీ వదిలి బిగించండి. ఈ పొడి కొందరు ఉబ్బసం రోగులకు పడదు. కాబట్టి సీసా మీద అతికించే కాగితంపై దాని పేరు, చేసిన తేదీ, కలుపుకునే కొలత తప్పక రాయండి. ద్రాక్ష పానీయానికి మాత్రం దీన్ని వాడకండి, రంగు వెలిసిపోతుంది.

ఈ పని ఒక్కరిది కాదు. పెండ్లికి పది రోజుల ముందు స్త్రీల సమాజం వారు ఒక సాయంత్రం కూర్చుంటే, మాటల్లో నిమ్మకాయలు పిండడం అయిపోతుంది.

మా సంఘంలో ఇప్పుడు పన్నెండు దుప్పట్లు ఉన్నాయి. వాటిని మొదటిసారి పరిచిన పెండ్లికి మా మేనత్త కూడా వచ్చింది. రెండు గ్లాసుల షర్బత్ తాగి, సీసా చెంగులో చుట్టుకుని వెళ్లింది. ఆమె ఏ బల్ల దగ్గర కూర్చుందని మావారు అడిగితే చెప్పలేకపోయాను. బల్లలన్నీ ఒకేలా ఉన్నాయి మరి.

మీ ఇంటి విందును ప్రభువు దీవించునుగాక.