ఇంగ్లీష్‌కి భయపడి మాత్రం జవాన్ కావద్దు, బావా

మైపాడు బీచ్‌కి తెల్లారి ఐదున్నరకి ఎప్పుడైనా పోతే, తడి ఇసుక మీద పరిగెత్తే కుర్రాళ్లు కొందరు కనిపిస్తారు. వాళ్లలో ఒకడు మా బావ, మా మేనమామ కొడుకు. ఈ ఏడాదే బీఎస్సీ అయిపోయింది. 1.6 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తేస్తాడు. నేనైతే సగం దూరంలోనే నడుం పట్టుకుని నిలబడిపోతా.

మొన్న సెలవులకి ఊరికి పోయినప్పుడు అడిగాను. "డిగ్రీ ఉంది కదా బావా, సీడీఎస్ రాసి ఆఫీసర్‌గా పోవచ్చు కదా, అగ్నివీర్ ఏంది?"

"నీకేంరా, ఇంగ్లీష్ మీడియమోడివి, ఎన్నైనా చెప్తావు" అన్నాడు.

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

ముందు నా తప్పు ఒప్పుకుంటా. "డిగ్రీ చేసి జవానా?" అనే మాటలో మన కాలేజీ పొగరు ఉంది. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు ఆఫీసర్. 2025 మేలో సరిహద్దులో ప్రాణాలిచ్చిన శ్రీసత్యసాయి జిల్లా మురళీ నాయక్ అగ్నివీర్. ఇద్దరి మీదా కప్పింది ఒకటే జెండా. గౌరవంలో ఎక్కువ తక్కువలు లెక్కేయడానికి మనమెవరం?

కానీ బతుకులో తేడా ఉంది, అది దాచకూడదు. 7వ వేతన సంఘం ప్రకారం లెఫ్టినెంట్ మూల వేతనం నెలకి 56,100తో మొదలవుతుంది. రెగ్యులర్ సిపాయిది 21,700. అగ్నివీర్ లెక్క వేరే. 2022లో ప్రకటించిన ప్రకారం మొదటి ఏడాది నెలకి 30,000, అందులో చేతికొచ్చేది 21,000. మిగతాది సేవా నిధికి పోతుంది. నాలుగేళ్లు అయ్యాక సుమారు 11.7 లక్షలు ఇచ్చి పంపిస్తారు. నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. జవాన్‌గా చేరి, ఆర్మీ కేడెట్ కాలేజీ ద్వారా ఆఫీసర్లయినవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ నాలుగేళ్ల తర్వాత ఉంటామో లేదో తెలియనప్పుడు ఆ దారినే నమ్ముకుని పోవడం కష్టం.

మరి బావ అగ్నివీర్ వైపు ఎందుకు చూస్తున్నాడు? మొదటి కారణం ఇల్లు. మామయ్యది సముద్రం మీద వేట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ బోటు ఒడ్డునే ఉంటుంది, ఇంజన్ మీద తెచ్చిన అప్పుకి వడ్డీ మాత్రం ఆగదు. సీడీఎస్ రాసి, ఎస్ఎస్‌బీ ఐదు రోజులు నెగ్గి, మెడికల్ దాటి, మెరిట్ లిస్టులో పేరొచ్చేదాకా ఇంటికి పైసా రాదు. ఇంట్లో ఇప్పుడే డబ్బు కావాలి కాబట్టి జవాన్‌గా పోతానంటే నేను నోరెత్తను. ఆ పనే ఇష్టమన్నా అంతే.

కానీ బావ చెప్పిన కారణం అది కాదు. ఇంగ్లీష్. ఆర్మీ అగ్నివీర్ రాత పరీక్ష ఇప్పుడు తెలుగులో రాయొచ్చు. సీడీఎస్‌లో ఇంగ్లీష్‌కే 100 మార్కుల పేపర్ ఉంది. ఎస్ఎస్‌బీలో తెర మీద ఒక మాట వేసి, 15 సెకన్లలో వాక్యం రాయమంటారు. అలాంటివి 60. గ్రూప్ డిస్కషన్ సరేసరి. తెలుగు మీడియంలో చదివినోడికి ఇది గోడలాగే కనిపిస్తుంది.

అయితే ఎస్ఎస్‌బీ చూసేది యాక్సెంట్ కాదు. నలుగురితో కలిసి పని చేయగలవా, ఇరుక్కున్నప్పుడు నిర్ణయం తీసుకోగలవా అని. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఊళ్లో బోట్లన్నీ పైకి లాగాలంటే, ఎవరు ఏ తాడు పట్టాలో చెప్పేది మా బావే. పెద్దోళ్లు కూడా వింటారు. నేను మంచి ఇంగ్లీష్‌లో పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తుంటా. ఆఫీసర్‌కి ఉండాల్సింది మా ఇద్దరిలో ఎవరికుందో మీరే చెప్పండి.

అందుకే నేననేది ఒకటే. రెండిటికీ అప్లై చెయ్. అగ్నివీర్ వయసు ముందే దాటిపోతుంది, సీడీఎస్‌కి ఇంకో రెండు మూడేళ్లు టైముంటుంది, ఏడాదికి రెండుసార్లు పరీక్ష ఉంటుంది. ఏది ముందొస్తే అది ఇల్లు చూసి నిర్ణయించుకో. కానీ రాయకుండానే "మనవల్ల కాదులే" అనుకోవద్దు. అవసరం కోసం జవాన్ అయితే అది నిర్ణయం. భయంతో అయితే, ఆ నిర్ణయం నీది కాదు, నీ స్కూల్ మీడియంది.

ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదికి బావకి ఫోన్ చేస్తున్నా. పది ఇంగ్లీష్ మాటలు ఇస్తా, ఒక్కోదానికి 15 సెకన్లు. నిన్న 'సీ' అనే మాటిచ్చా. "మై ఫాదర్ నోస్ ద సీ, ఐ నో మై ఫాదర్" అన్నాడు, టైము ఇంకా మిగిలుండగానే. నాకు అంత మంచి వాక్యం వచ్చేది కాదు.

మీ హాస్టల్లో, మీ ఊళ్లో ఇలాంటి బావ ఒకడు ఉండే ఉంటాడు. సలహా ఇచ్చే ముందు రోజుకి పావుగంట ఇవ్వండి.