బొమ్మ ప్రక్కన అక్షరము

తాళపత్ర గ్రంథమును పరికించినవారికి ఒక విశేషము గోచరించును. ఆకులను కూర్చు త్రాటికై వేసిన రంధ్రము చుట్టును లేఖకుడు కొంత చోటు విడిచి, పంక్తిని అచ్చట నాపి, ఆవలి ప్రక్క మరల నందుకొనును. త్రాటి రాపిడికి అక్షరము చెడరాదని ఆ జాగ్రత్త. నేడు పుటకూర్పులో బొమ్మ చుట్టును పాఠమును నడిపించు టెక్స్ట్ ర్యాప్ ఆ విద్యకే క్రొత్త రూపము. పనిముట్టు మారినది, జాగ్రత్త మాత్రము సన్నగిల్లినది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి పట్టణములలో పెండ్లి పత్రికలును, కళాశాల సంచికలును, కవుల స్వీయ ప్రచురణలును డి.టి.పి. కేంద్రములలో రూపొందును. బొమ్మ ప్రక్కన మిగిలిన ఇరుకుచోటులో తెలుగు పడు పాట్లు తెలియుటకు ఈ ఊళ్ళ పేళ్ళే చాలును. 'పుంగ' పైనను 'నూరు' క్రిందను పడిన బాధ లేదు. 'కుప్పం' అనుచోట సున్న ఒక్కటియే క్రిందికి జారెనా, ఊరు పోయి కుప్పయు సున్నయు మిగులును!

కారణము స్పష్టము. పాత ఫాంటులలో తెలుగక్షరము ముక్కలుగా నుండును. తలకట్టు, కొమ్ము, వత్తు ఆంగ్లాక్షరముల స్థానములలో కూర్చుండును. 1985లో వెలువడిన పేజ్‌మేకర్ వానిని ఆంగ్లముగానే భావించును గాని, అవి కలిసి ఒక అక్షరమని యెరుగదు. 1991 నాటి యూనికోడ్ తొలి ప్రతిలోనే తెలుగునకు స్థానము లభించినది. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎన్నుకొన్నచో అక్షరము అక్షరముగా నిలుచును; ఎన్నుకొననిచో యూనికోడ్ పాఠము సైతము చెదరవచ్చును.

నేరమంతయు యంత్రముది కాదు. బొమ్మ ప్రక్కన రెండు మూడు మాటలైన పట్టనిచోట పాఠమును నడుపకుండుటయే మేలు. ఇరుకుచోట రెండంచులును సమముగా నుండవలెనని పట్టుబట్టిన, మాటల నడుమ తెల్లని కాలువలు పారును. ఎడమ అంచు సరిగా నున్న చాలును. బొమ్మపై నుంచిన శీర్షిక మాయమైనచో, దాని చట్రమునకు ఇగ్నోర్ టెక్స్ట్ ర్యాప్ అను గుర్తు పెట్టవలెను. బొమ్మ కదలినప్పుడెల్ల పంక్తులు కదలును గావున, తుది ప్రూఫు కూర్పు ముగిసిన పిమ్మటనే దిద్దవలెను.

'ఎట్లు విరిగిన నేమి, అర్థమగును గదా' యని కొందరందురు. చదువు వచ్చినవారికి అగును. కూడబలుకుకొని చదువు బాలుడు విరిగిన అక్షరమును చూచి తప్పు తనదే యనుకొనును. పద్యమును గణములుగా విడదీయునప్పుడు మాట నడుమ విరుగవచ్చును. అక్షరము మాత్రము ఎన్నడును విరుగదు. ఆ నియమమే పుటకును చాలును.

మదనపల్లెలో 1915లో నెలకొన్న బిసెంటు కళాశాల యున్నది. కుప్పంలో 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయ మున్నది. ఇట్టిచోట్ల తెలుగు విద్యార్థికి ఛందస్సుతోపాటు పుటకూర్పును నేర్పిన, ఆ చుట్టుపట్ల అచ్చగు ప్రతి పుస్తకమును బాగుపడును. త్రాటి రంధ్రమునకు చోటు విడిచిన ఆ లేఖకుని ఓర్పు మనకు అందరాని దేమియు కాదు.