బెత్తం ఖాళీ చేసిన చోటు

తప్పును ఒక మనిషికి జరిగిన నష్టంగా పరిగణించి, దాన్ని పూడ్చే బాధ్యతను తప్పు చేసినవారి మీదనే ఉంచి, ఎలా పూడ్చాలో తేల్చడంలో నష్టపోయినవారికీ పాత్ర కల్పించే విధానాన్ని పునరుద్ధరణ న్యాయం అంటారు. న్యూజిలాండ్ 1989లో బాలల నేరాల విషయంలో కుటుంబ సమావేశాలకు చట్టబద్ధత కల్పించగా, 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక ఉన్నత పాఠశాల ఆ తరహా సమావేశాన్ని బడిలోకి తెచ్చింది. కొట్టినవారు, దెబ్బలు తిన్నవారు, ఇరువైపుల తల్లిదండ్రులు, శిక్షణ పొందిన నిర్వాహకుడు గుండ్రంగా కూర్చుని, ఏం జరిగింది, ఎవరెవరు ఎలా బాధపడ్డారు, సరిదిద్దాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్నలకు వంతులవారీగా జవాబు చెబుతారు. ‘ఎందుకు చేశావు?’ అని మాత్రం సాధారణంగా అడగరు. ఆ ప్రశ్న పిల్లల చేత సాకులు చెప్పించడానికే ఎక్కువగా పనికొస్తుంది.

ఈ విధానాన్ని గట్టిగా పరీక్షించిన అధ్యయనాల్లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ర్యాండ్ సంస్థ చేసినది ముఖ్యమైనది. 44 పాఠశాలల్లో సగాన్ని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, 2015 నుంచి రెండు విద్యా సంవత్సరాలపాటు అక్కడ ఈ విధానాన్ని అమలు చేసి, తక్కిన వాటితో పోల్చి చూశారు. సస్పెన్షన్ల వల్ల పిల్లలు కోల్పోయే బడిరోజులు తగ్గాయి. నల్లజాతి, శ్వేతజాతి విద్యార్థుల మధ్య ఈ విషయంలో ఉన్న అంతరం కూడా తగ్గింది. అయితే ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారిలో సస్పెన్షన్లు తగ్గకపోగా, పరీక్షా ఫలితాలు దిగజారాయి. సమర్థకులు ఈ రెండో సగాన్ని దాటవేస్తే, విమర్శకులు మొదటి సగాన్ని మరచిపోతుంటారు.

భారతదేశంలో సమస్య మరోలా ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపులనూ నిషేధించింది. 16వ సెక్షన్ ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా విద్యార్థిని బహిష్కరించరాదన్నది. ఈ సెక్షన్లు చేయకూడనిది చెప్పాయే గాని, దాని స్థానంలో ఏం చేయాలో చెప్పలేదు. ఆ ఖాళీని తెలుగు రాష్ట్రాల బడుల్లో గుంజీలు, గోడకుర్చీ, ‘రేపు మీ నాన్నను తీసుకురా’ అన్న హుకుం నింపుతున్నాయి. బహిష్కరణ నుంచి ఆ రక్షణ లేని తొమ్మిది, పది తరగతుల్లో టీసీ చేతిలో పెడతామన్న బెదిరింపు తోడవుతుంది.

ఆ ఖాళీలోకి పునరుద్ధరణ సమావేశాన్ని తేవచ్చు గాని, అన్ని తప్పులూ అందులో తేలేవి కావు. లైంగిక నేరాన్ని పోలీసులకు తెలపడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి గనుక, బడి దాన్ని రాజీకి వదలకూడదు. కులం పేరుతో అవమానం పొందిన బాలికను, ఆమె ఇష్టం అడగకుండా, అవమానించినవారి ఎదుట కూర్చోబెట్టడం మరో అవమానమే అవుతుంది. ప్రధానోపాధ్యాయుడు కళ్లెర్రజేసి చెప్పించే క్షమాపణకూ గుంజీలకూ తేడా పెద్దగా లేదు. నిజమైన సమావేశానికి ముందు ఇరుపక్షాలతో విడివిడిగా మాట్లాడాలి, తర్వాత కుదిరిన ఒప్పందం అమలవుతోందో లేదో చూడాలి. వీటన్నిటికీ పట్టే గంటలను ఉదయం, సాయంత్రం స్టడీ అవర్లతో నిండిన పదో తరగతి టైంటేబుల్‌లోంచే తీయాల్సి ఉంటుంది. విద్యాశాఖ ఆ గంటలను కేటాయించకుండా ఉపాధ్యాయులకు ఒక సర్క్యులర్ మాత్రం పంపితే, సమావేశం రిజిస్టరులో నమోదై అక్కడే ఆగిపోతుంది.