ఏసీ హాల్లో పూనకం

ఆమధ్య సబ్బవరం దగ్గర ఒక ధ్యాన శిబిరంలో కూర్చున్నాను. రెండో రోజు నా పక్కాయన మెడ అటూ ఇటూ కొట్టుకుంది, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. "అదృష్టవంతులు, కుండలిని లేచింది, ఇవి క్రియలు" అన్నారు నిర్వాహకులు. మూర్ఛ ఉందా, మందులేమైనా వాడుతున్నారా అని మాత్రం అడగలేదు.

నా గొడవ వణుకుతో కాదు. నిద్ర అంచున ఒళ్ళు ఉలిక్కిపడటం అందరికీ తెలిసిందే. కదలకుండా గంటలు కూర్చుంటే కండరాలు అదరడంలో వింతేముంది? దాన్ని ప్రమోషన్ లెటర్‌లా చేతిలో పెట్టడంతోనే పేచీ.

పోనీ, శాస్త్రమే చూద్దాం. పతంజలి యోగసూత్రాల్లో (1.31) 'అంగమేజయత్వం', అంటే అవయవాల వణుకు, దుఃఖం పక్కన కూర్చుని ఉంది, చిత్తవిక్షేపాల వెంట వచ్చే వాటిలో ఒకటిగా. హఠయోగ ప్రదీపిక కొంచెం దయ చూపించి ప్రాణాయామంలో కంపాన్ని మధ్య మెట్టు మీద పెట్టింది. పై మెట్టు స్థిరత్వానిదే. 1937లో జమ్మూలో కుండలిని లేచిందని చెప్పుకున్న గోపీకృష్ణ, ఆ తర్వాత ఏళ్ళ తరబడి పడ్డ నరకాన్ని కూడా రాశాడు. ఆ పేజీలు ఏ శిబిరంలోనూ చదవరేం?

అమ్మవారి పండగలో డప్పుకి ఓ కూలి మనిషి ఊగితే మనకది మూఢనమ్మకం. మనం ఊగితే ఎనర్జీ. ఒక్క తేడా ఉంది: పూనకం వచ్చినామె పడిపోకుండా పట్టుకోడానికి చుట్టూ నాలుగు చేతులుంటాయి. మా హాల్లో అందరం కళ్ళు మూసుకునే ఉన్నాం.