తెరవగలిగిన కిటికీ

2021 మే నెలలో, కరోనా రెండవ ఉధృతి సాగుతున్న రోజుల్లో, మా ఖాలూ మరణించారు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక. ఖాలా ఇద్దత్‌లో కూర్చున్నారు. నాలుగు నెలల పది రోజులు ఆమెకు లోకమంతా నాలుగవ అంతస్తులోని ఒక గది, ఒక వంటగది. ఆ గదికి ఉన్నది ఒకే కిటికీ. దానికి సరిగ్గా ఎదురుగా పక్క భవనపు కిటికీ. రెండింటి మధ్య దూరం ఒక మంచం పొడవు. ఇటు తెరిస్తే వారి గది కనిపిస్తుంది, అటు తెరిస్తే వీరి గది కనిపిస్తుంది. అందువల్ల ఆ ఇంట దిగిన మొదటి వారంలోనే మందపాటి తెర వేశారు. కొంత కాలానికి రెక్కలు కూడా మూసి గొళ్ళెం పెట్టారు. దగ్గుతో పడుకున్న ఖాలూ, ఆయనకు సేవ చేసిన ఖాలా, ముగ్గురు పిల్లలు పన్నెండు రోజులపాటు పీల్చింది ఆ మూసిన గదిలోని గాలినే.

వ్యాధి వచ్చిన తొలి నెలల్లో మనం గడపలు, తలుపు గడియలు, కూరగాయలు కడుగుతూ కూర్చున్నాము. అసలు ప్రమాదం అందరూ పంచుకొనే గాలిలో ఉందని తరువాత తెలిసింది. ఇంట్లో ఒక్కొక్క మనిషికి సెకనుకు 10 లీటర్ల కొత్త గాలి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. కిటికీకి గొళ్ళెం పెట్టిన గదిలో ఐదుగురికి అది ఎక్కడి నుండి వస్తుంది?

పేదల ఇల్లు అనగానే మన చర్చ చదరపు అడుగుల వద్ద మొదలై అక్కడే ముగుస్తుంది. తెలంగాణలో రెండు పడక గదుల ఇంటికి 560 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్ళు 300, 365, 430 చదరపు అడుగులవి. 2020 డిసెంబరులో పంచిన పట్టాలలో పట్టణాల వారికి సెంటు, గ్రామాల వారికి సెంటున్నర. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. గూడు లేనివారికి ఇది చిన్న మేలు కాదు. అయితే ఆ ఇంటి కిటికీని అందులో నివసించే స్త్రీ సంకోచం లేకుండా తెరవగలదా అన్న ప్రశ్న పట్టా పత్రంలో కనిపించదు. వేడి, తేమ కలిసిన ప్రాంతాల్లో కిటికీలు, గాలి రంధ్రాలు గది నేలలో ఆరింట ఒక వంతు, పొడి వేడి ప్రాంతాల్లో పదింట ఒక వంతు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. పటంలో ఆ కొలత సరిపోతుంది. తెర పడిన మరుక్షణం జీవితంలో అది సున్నా అవుతుంది.

పర్దా పాటించే కుటుంబాలకు ఇది మరింత బరువైన విషయం. ఒకరి ఇంట ప్రవేశించే ముందు అనుమతి కోరాలని సూరె నూర్ ఆదేశిస్తుంది. ఆ నియమం చూపును దృష్టిలో ఉంచుకొనే ఏర్పడిందని హదీసు విశదపరుస్తుంది. ఇంటి గోప్యతను ధర్మం ఇంతగా కాపాడుతుండగా, గాలి కావాలంటే గోప్యత వదులుకో, గోప్యత కావాలంటే గాలి వదులుకో అని ఒక స్త్రీని నిలదీసే కట్టడం ఎలాంటి కట్టడం? తప్పు తెరది కాదు, ఎదురెదురుగా రెండు కిటికీలు గీసిన చేతిది.

అంటువ్యాధి తరువాత ఇళ్ళ గురించి ఆలోచించడం కొత్త విషయమేమీ కాదు. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. 1898లో అక్కడ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. గదిలోకి వెలుతురు దిగాలంటే ఎదుటి కట్టడం ఎంత దూరాన ఉండాలో ఆ ట్రస్టు కోణం పెట్టి కొలిచింది. 63.5 డిగ్రీల ఆ కోణాన్ని మామూలు మాటల్లో చెప్పాలంటే, కట్టడం ఎత్తులో కనీసం సగమైనా ముందు ఖాళీ ఉండాలి. హైదరాబాదులోనూ 1908 మూసీ వరద, దాని వెనుకనే ప్లేగు వచ్చిన తరువాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. మల్లేపల్లిలో సీఐబీ క్వార్టర్ల పేరు నేటికీ నిలిచి ఉంది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పెద్దలు ఇప్పటికీ 'కోరంటి దవాఖానా' అంటారు. క్వారంటైన్ అన్న మాటను మన నాలుక వందేళ్ళ క్రితమే అరగదీసి వాడుకుంది!

ఆ పాఠం మరచిపోతే ఏమవుతుందో అదే ముంబయిలోని గోవండీ చూపింది. మురికివాడల నుండి తరలించిన వారి కోసం అక్కడ కట్టిన నట్వర్ పారేఖ్ కాంపౌండులో అంతస్తుల భవనాల మధ్య దాదాపు 3 మీటర్ల సందు మాత్రమే మిగిలింది. కింది అంతస్తుల్లో పగలు కూడా దీపం వేసుకోవాలి. భవనాల మధ్య ఎక్కువ ఎడం ఉన్న మరొక పునరావాస కాలనీతో పోలిస్తే అక్కడ క్షయ రోగం ఎంతో ఎక్కువగా ఉందని కరోనాకు ముందే ఒక పరిశీలనలో తేలింది.

ఈ 3 మీటర్ల కొలత చదివినప్పుడు నాకు ఒక హదీసు స్ఫురించింది. దారి వెడల్పుపై వివాదం వచ్చినప్పుడు ఏడు మూరలు వదలాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పారు. ఏడు మూరలంటే సుమారు పదిన్నర అడుగులు, ఇంచుమించు ఆ 3 మీటర్లే! అయితే ఆ మదీనా ఇళ్ళ ఎత్తెంత, ఈ భవనాల ఎత్తెంత? చేయి పైకెత్తితే కప్పు అందేంత ఇళ్ళకు సరిపోయిన సందు, ఏడంతస్తుల నడుమ బావి అవుతుంది. పొరుగువాని గాలికి అడ్డంగా కట్టడం లేపరాదన్న ఉల్లేఖనం ఒకటి ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది. దాని పరంపర బలహీనమని హదీసు వేత్తలు చెప్పారు కనుక దానిని నేను ఆధారం చేసుకోను. ఏడు మూరల హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది.

జనం కిక్కిరిసి ఉండటమే అసలు దోషమని, అందరికీ ఊరి చివర విడివిడి ఇళ్ళు ఇస్తే చాలునని కొందరు అంటారు. హిజ్రీ 18లో అమ్వాస్ ప్లేగు సిరియాను కబళించినప్పుడు హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ప్రజలను కొండల్లోకి చెదరగొట్టిన ఘట్టాన్ని కూడా ఉదాహరిస్తారు. అది ఆపదలో తీసుకున్న చర్య, స్థిర నివాసానికి నమూనా కాదు. రోజు కూలీ మనిషిని పనికి పాతిక కిలోమీటర్ల దూరాన పెడితే బస్సు ఛార్జీలు అతని కూలిని తినేస్తాయి. ఎకరానికి ఎన్ని ఇళ్ళు అన్నది ఒక లెక్క, గదికి ఎందరు మనుషులు అన్నది మరొక లెక్క. వ్యాధికి ముఖ్యమైనది రెండవది. మూడు నాలుగు అంతస్తులైనా సరే, ఎడం సరిగా వదిలితే నాకు అభ్యంతరం లేదు.

ఆ ఎడంతోపాటు కోరవలసినవి ఖరీదైనవేమీ కావు. ఎదురిళ్ళ కిటికీలను ఒక కిటికీ వెడల్పు మేర పక్కకు జరిపి గీస్తే చూపు గోడకు తగులుతుంది, గాలి లోపలికి వస్తుంది. దీనికి ఒక్క ఇటుక కూడా అదనంగా అక్కరలేదు. కిటికీకి ఎదుటి గోడలో, మనిషి తల కంటే ఎత్తున వెంటిలేటర్ ఉండాలి. వేడెక్కిన గాలి పైకి లేచి అక్కడి నుండి పోతుంది, కింద నుండి చల్లని గాలి వస్తుంది. మన తాతల పెంకుటిళ్ళకు కప్పు కింద ఈ రంధ్రాలు ఉండేవి. స్లాబు వచ్చాక వాటి చోట సామాను అటకలు వెలిశాయి. బాల్కనీకి జాలీ ఇటుకల గోడ పెడితే లోపలి వారు బయటికి కనబడరు, పర్దా చెడదు. గడప వద్ద ఒక కుళాయి ఉంటే బయటి నుండి వచ్చినవారు చేతులు, కాళ్ళు కడుక్కొని లోనికి అడుగుపెడతారు. అదే వుజూకు పనికివస్తుంది. 2020 రమజాన్‌లో మస్జిదులు మూతపడి, ఇళ్ళలోనే తరావీహ్ చదివినప్పుడు, మంచం నిలబెట్టి సఫ్‌కు చోటు చేసుకున్న కుటుంబాలకు ఆ కుళాయి విలువ తెలుసు.

ఆంధ్రప్రదేశ్‌లో సెంటు స్థలంలో స్వయంగా ఇల్లు కట్టుకుంటున్నవారు ఒక పని చేయవచ్చు. పునాది నాడే పక్క స్థలం వారితో కూర్చొని, ఎవరి కిటికీ ఎక్కడో మాట్లాడుకోవాలి. మేస్త్రీ లింటెల్ పోసిన తరువాత మాట్లాడి ప్రయోజనం లేదు. టిడ్కో తరహాలో కాంక్రీటు గోడలతోనే పోసిన ఇళ్ళలో ఉన్నవారు మాత్రం గోడకు రంధ్రం పెట్టే ఆలోచన చేయరాదు. ఆ గోడే పై అంతస్తులను మోస్తున్నది. మస్జిద్ కమిటీల్లో ఇంజనీర్లు ఉంటే, కాలనీల పటాలు ఖరారు కాకముందే అధికారుల వద్దకు వెళ్ళి ఎదురెదురు కిటికీల సంగతి అడగాలి. జుమా తరువాత పది నిమిషాలు దీనికి కేటాయించడం కష్టమేమీ కాదు.

ఖాలా ఉండే ఇల్లు పిల్లర్ల మీద కట్టినది, మధ్యలో ఇటుక గోడలు. ఇద్దత్ ముగిసిన తరువాత, ఇంటి యజమానిని ఒప్పించి, ఇంజనీరుకు చూపించి, తలుపు పైన రెండు అడుగుల వెంటిలేటర్ పెట్టించాము. కిటికీ రెక్కల పైసగం తెరచి, కింది సగానికి మాత్రమే తెర ఉంచాము. మధ్యాహ్నం వేళ ఆ తెర కొద్దిగా కదులుతున్నదని ఆమె ఫోనులో చెప్పారు.