కత్తి దొరికింది, సరే

మైత్రీవనం సందుల్లో కోచింగ్ సెంటర్ల మెట్ల దగ్గర ఒక కెమెరా, టీకొట్టు రేకు మీద ఒకటి, మెట్రో స్టేషన్లో ఎటు తిరిగినా కెమెరాలే. అమీర్‌పేటలో ఏదైనా నేరం జరిగితే సాయంత్రానికల్లా టీవీలో ఫుటేజీ వచ్చేస్తుంది. నడిచిపోతున్న మనిషి తల చుట్టూ ఎర్ర సున్నా చుడతారు. మూడో నాడు ప్రెస్‌మీట్: బల్ల మీద కత్తి, రెండు సెల్‌ఫోన్లు, వెనక ముసుగులేసుకున్న మనుషులు. మర్నాడు పేపర్లో ఈ వాక్యం తప్పకుండా ఉంటుంది: నిందితుడిచ్చిన సమాచారంతో హత్యకు వాడిన కత్తిని పోలీసులు స్వాధీనం చేసుకున్నారు.

ఈసారి మా తగువు ఆ వాక్యంతోనే.

కత్తి ఎక్కడుందో అతనికి తెలుసన్నది అందులో ఒక సంగతి. హత్య ఆ కత్తితోనే జరిగిందన్నది ఇంకొకటి. పొడిచింది అతనే అన్నది, పైకి అనకుండా చదివేవాడి బుర్రలో దించేసిన మూడోది. దొరికిన కత్తి మొదటిదానికే సాక్ష్యం. ఈ లెక్క తేల్చింది మన గుంటూరు ప్రాంతపు కేసే. రెండు వర్గాల కొట్లాటలో జరిగిన హత్యల మీద పులుకూరి కోటయ్య తదితరులు అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లారు. లా పుస్తకాల్లో అది 1947 కేసు. దాచిన చోటు చూపిస్తే, ఆ చోటు, అక్కడ ఆ వస్తువు ఉందని అతనికి తెలిసి ఉండటం, ఇంతవరకే కోర్టు తీసుకోవాలని అక్కడ తీర్పు. 'దీనితోనే పొడిచాను' అని పోలీసుల ముందు అన్నాడని చెప్పే తోక కోర్టులోకి రాదు. దేశంలో ఏ మూల హత్య కేసు నడిచినా వకీళ్లు ఇవాళ్టికీ ఆ కోటయ్య పేరు ఎత్తుతూనే ఉంటారు. మన పేపర్లలో మాత్రం ఆ తోక ఇంకా ఊగుతూనే ఉంది.

చూసినవాళ్లు లేని నేరాన్ని చుట్టూ ఉన్న సంగతులను బట్టి నిలబెట్టడాన్ని పరిస్థితుల సాక్ష్యం అంటారు. మనవాళ్లు ఈ మాటను రెండు రకాలుగా పాడు చేశారు. టీవీ చర్చకొచ్చిన లాయరు, ఉన్నది సర్కమ్‌స్టాన్షియల్ ఎవిడెన్సే కదా అని పెదవి విరుస్తాడు. యాంకరేమో, పరిస్థితులన్నీ అటే వేలు చూపిస్తున్నాయని ఊగిపోతుంది. వేలిముద్రా, డీఎన్‌ఏ కూడా ఈ కోవలోవేనని లాయరుగారికి తెలియదని అనుకోలేం. ప్రత్యక్ష సాక్షి అంత గొప్పవాడా అంటే, విశాఖలో వకీలుగా బతికిన రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' చదివినవాళ్లు కాస్త నవ్వుకుంటారు.

యాంకరమ్మ తొందరకు మాత్రం పాత విరుగుడు ఉంది. 1937 మార్చి 23న పూరీ స్టేషన్లో, మూడో తరగతి పెట్టెలో, ఎవరూ దించుకోని ఇనప ట్రంకు కనపడింది. తెరిస్తే ఏడు ముక్కలు చేసిన శవం. చనిపోయింది పిఠాపురం దివాను దగ్గర ప్యూనుగా చేసిన మనిషి. బరంపురం రమ్మని ఉత్తరం వచ్చిందనీ, వెళ్తే బాకీ డబ్బు ఇస్తారనీ భార్యకు చెప్పి, రెండు రోజుల ముందే ఇల్లు వదిలాడు. బాకీ పడింది దివానుగారి కూతురు. ఆమె భర్త పాకాల నారాయణస్వామి. పొడవగా చూసినవాళ్లు లేరు. అప్పుంది, ఉత్తరాలున్నాయి, ట్రంకు కొన్న సంగతి ఉంది. అన్నిటికీ మించి, ఆ మనిషి తన ఇంటికొచ్చాడని నారాయణస్వామే పోలీసులతో అన్న మాట ఉంది. ఉరిశిక్ష పడింది, పట్నా హైకోర్టు ఖాయం చేసింది.

1939లో ప్రీవీ కౌన్సిల్‌లో లార్డ్ అట్కిన్ ఆ కట్టు విప్పి చూశారు. బరంపురం వెళ్తున్నానని భార్యతో అన్న మాట మరణానికి దారితీసిన సందర్భాల్లో ఒకటి కాబట్టి చెల్లుతుంది. దర్యాప్తులో పోలీసులకు నిందితుడు చెప్పిన మాట చెల్లదు. ఆ మాట తీసేశాక శిక్ష నిలవలేదు. నారాయణస్వామి హంతకుడు కాడని అట్కిన్ ఎక్కడా అనలేదు. చెల్లని మాట మీద ఉరి వేయరాదన్నారు, అంతే. డిటెక్టివ్ యుగంధర్ కథలో అయితే చివరి పేజీలో అందరినీ గదిలో కూర్చోబెట్టి ముడి విప్పేవాడు. ఇక్కడ ముడి అలాగే ఉంది.

1984లో శరద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు పరిస్థితుల సాక్ష్యానికి అయిదు సూత్రాలు కట్టింది. అన్నీ చెప్పబోం. ప్రతి సంగతీ విడిగా పూర్తిగా రుజువు కావాలి, అన్నీ కలిపితే మరొకరు చేసి ఉండొచ్చన్న సందు మిగలకూడదు. ఈ రెండిటిని అమీర్‌పేట స్టేషన్లో పెట్టి చూడండి. రాత్రి ఎనిమిదికి ఇద్దరు కలిసి మెట్లెక్కారని ఫుటేజీ ఉందనుకుందాం. రెండు లైన్లు కలిసే చోటు అది. ఎల్బీనగర్ రైలెక్కారో, రాయదుర్గం రైలెక్కారో, అసలు ఒకే రైలెక్కారో లేదో తెలియదు. 'చివరిసారి కలిసి కనిపించారు' అన్నది నిలవాలంటే, కనిపించిన క్షణానికీ చావుకూ మధ్య ఇంకొకరు దూరే వ్యవధి ఉండకూడదు. అంత రద్దీలో ఆ మాట ఎన్ని నిమిషాలు నిలుస్తుంది?

ఈ మధ్యే చూశాం. 2014 జనవరిలో మచిలీపట్నం అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ముంబయి లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో రైలు దిగి హత్యకు గురైంది. స్టేషన్ కెమెరాలో ఆమె పక్కన నడుస్తున్న మనిషి కనిపించాడన్నారు. 2015లో ఉరి, 2018లో హైకోర్టు సమర్థన. 2025 జనవరిలో సుప్రీంకోర్టు నిర్దోషిగా వదిలేసింది. ఫుటేజీకి అప్పటి సాక్ష్య చట్టం అడిగిన 65బి సర్టిఫికెట్టే జత చేయలేదు, మిగతా లంకెలూ నిలవలేదు. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్ విద్యార్థిని హత్యలో జీవితఖైదు పడ్డ యువకుణ్ని 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు విడిచిపెట్టేసరికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. రెండు కేసుల్లోనూ బిడ్డను పోగొట్టుకున్న ఇళ్లకు జవాబు దొరకలేదు. సాక్ష్యాల గొలుసు నాసిగా కట్టినందుకు పడే శిక్షలో వాళ్ల వంతూ ఉందన్నది మనం తరచు మరిచిపోతాం.

2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియం ఫుటేజీకి, ఫైలు మారలేదని తేల్చే హాష్ విలువతో సహా సర్టిఫికెట్ అడుగుతోంది. (హాష్ అంటే ఏమిటో మైత్రీవనంలో కోర్సు నేర్చుకునే కుర్రాణ్ని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. మన క్రైం డెస్కులు ఆ కుర్రాడితో ఓ టీ తాగితే బాగుండును.) అమీర్‌పేట పక్కనున్న పంజాగుట్ట ఠాణాకు 2017లో కేంద్ర హోంశాఖ దేశంలో రెండో ర్యాంకు ఇచ్చింది. అంత పేరున్న స్టేషన్ కట్టిన కేసైనా తేలాల్సింది నాంపల్లి కోర్టుల్లోనే.

నేరాల మీద మాకు కథనాలు రాసేవారికి ఇక నుంచి ఒక కోరిక. ఫుటేజీ గురించి రాసేటప్పుడు ఏ కెమెరా, ఎన్ని గంటలకు, అందులో కనిపించేది ఎంత, అది ఎవరు చెబితే మీకు తెలిసింది, ఇవి రాయండి. ముఖం తెలియకపోతే తెలియలేదనే రాయండి. కత్తి దొరికితే ఎక్కడ దొరికిందో రాసి ఫుల్‌స్టాప్ పెట్టండి. 'హత్యకు వాడిన' అన్న రెండు మాటలు పోలీసువి అయితే పోలీసుల పేరుతోనే వేస్తాం, మీ పేరుతో వేయం. అలా కోస్తే కథనంలో బిగువు పోతుందని ఒక రచయిత అప్పుడే అలిగారు. పోతుంది, కాదనం. ఆయన కథనం ఆ రెండు మాటలు లేకుండానే ఈ సంచికలో వస్తోంది.