నెలకి ఎన్ని బిళ్ళలు?

తెలుగులో తలనొప్పికి మర్యాద లేదు. సప్లీ ఒక తలనొప్పి, బస్ పాస్ ఒక తలనొప్పి, ప్రాజెక్టులో పనిచేయని టీమ్‌మేట్ పెద్ద తలనొప్పి. విసుగు తెప్పించే ప్రతిదానికీ ఆ పేరే పెట్టేశాం. అందుకే నిజంగా తల పగిలిపోతోందని ఎవరైనా చెప్పినా మనకి విసుగే వస్తుంది. జ్వరమంటే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు. తలనొప్పంటే "ఫోన్ తగ్గించు" అంటారు.

నాకిది ఇంటర్ ఫస్టియర్‌లో మొదలైంది. ఎడమ కణత దగ్గర చిన్నగా లాగి, గంటలో కంటి వెనకాల సమ్మెటతో కొట్టినట్టుండేది. వెలుతురు పడదు, పోపు వాసన పడదు. వాంతి అయితే కాస్త తెరిపి. అమ్మమ్మ దాన్ని పార్శ్వపు నొప్పి అని, శొంఠి అరగదీసి పట్టు వేసేది. అమ్మ అమృతాంజనం రాసేది. మా పామర్రు వైపు వాళ్ళకి ఆ సీసా మీద కాస్త సొంత అభిమానం కూడా లెండి. 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కృష్ణా జిల్లా ఎలకుర్రు వారే. ఆయనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. అంటే తెలుగు పత్రికలు కొంత మన తలనొప్పుల మీద కూడా నిలబడ్డాయన్నమాట! కర్పూరం, మెంథాల్ చల్లదనం నొప్పిని కాసేపు మరిపిస్తుంది. అంతకుమించి దాన్నుంచి ఆశించడం మన పొరపాటు.

అసలు తప్పు ఆ తర్వాత చేశాం. కళ్ళజోడు మార్చాం. సైనస్ అనుకుని ఆవిరి పట్టాం. (సైనస్ అనుకునే తలనొప్పుల్లో చాలావరకు మైగ్రేనేనట, ఇప్పుడు తెలిసింది.) ఆ తర్వాత మెడికల్ షాపు. హాస్టల్లో స్ట్రిప్పులు చేతులు మారడం మీకు తెలిసిందే. వారానికొకటి వేసుకునేదాన్ని, బీటెక్ సెకండియర్‌కి రోజూ ఒకటి వేసుకునే స్థితికి వచ్చాను.

మొన్న మే నెలలో నాన్న నన్ను విజయవాడ తీసుకెళ్ళారు. బందరు రోడ్డు మీద బస్సు, బెంజి సర్కిల్ దగ్గర హారన్లు, ఆ ఎండ... సూర్యారావుపేటలో దిగేసరికి నాకు పరీక్ష అక్కర్లేకుండానే రోగం కనపడుతోంది. న్యూరాలజిస్ట్ దగ్గర రెండు గంటలు కూర్చున్నాం. స్కాన్ రాస్తారని నాన్న డబ్బులు సర్దుకుని వచ్చారు. డాక్టరుగారు కళ్ళలోకి లైటు వేసి చూసి, నడిపించి, చేతులు తోయించి, అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఇదొక్కటే: "ఏమ్మా, నెలకి ఎన్ని బిళ్ళలు వేస్తున్నావు?"

నేను లెక్క చెప్పలేకపోయాను. ఇంజనీరింగ్ చదువుతున్నాను మరి.

మామూలు నొప్పి బిళ్ళలు నెలకి 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన బిళ్ళలైతే 10 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ బిళ్ళలే తలనొప్పి తెస్తాయట. మందు దిగిపోగానే నొప్పి, నొప్పికి మళ్ళీ మందు. మైగ్రేన్ మామూలు స్కాన్‌లో కనపడదు, మన లెక్కలోనే కనపడుతుంది. హఠాత్తుగా పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ పట్టేయడం, మాట తడబడడం, చెయ్యో కాలో పడిపోవడం, తలకి దెబ్బ తగిలాక నొప్పి ముదరడం వేరు. వాటికి డైరీ కాదు, వెంటనే ఆసుపత్రి.

ఆయన రాసిన ప్రొప్రనలాల్ చూసి మా బాబాయ్ ఫోన్‌లో వెతికి "ఇది గుండె మందు, పిల్లకెందుకు?" అని గొడవ. అది మైగ్రేన్ రాకుండా కూడా పనిచేస్తుంది. ఆయాసం ఉందా అని ముందే అడిగి మరీ రాశారు, ఉంటే ఇవ్వరు. ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. పాత బిళ్ళలు మానేసిన మొదటి పది రోజులు నరకం. సగం మంది అక్కడే వెనక్కి పోతారనిపిస్తుంది, నేనూ పోబోయాను.

నేను గట్టిగా అనేది ఇదీ. హాస్టల్ ఆఫీసులో బిళ్ళల డబ్బా ఉంది, ఎవరికి ఎన్నిచ్చారో రాసే కాగితం లేదు. ఒకే అమ్మాయి నెలలో పదోసారి వచ్చి చెయ్యి చాపితే అడిగేవారే లేరు. ఆ అమ్మాయికి కావలసింది పదకొండో బిళ్ళ కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఒకరోజు అటెండెన్స్. మైగ్రేన్ ఆడవాళ్ళకి మగవాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. అయినా "పరీక్షలప్పుడే వస్తుందేం నీకు?" అనే మాట పడేది మేమే. అవును, పరీక్షలప్పుడే వస్తుంది. నిద్ర చెడితే, భోజనం ఎగ్గొడితే వచ్చే రోగమే అది.

వంటింటి గోడ మీది తిథుల క్యాలెండర్ ఒకటి హాస్టల్‌కి తెచ్చుకున్నాను. నొప్పి వచ్చిన రోజు ఎర్ర చుక్క, బిళ్ళ వేస్తే గుండ్రం, పీరియడ్స్‌కి పచ్చ గీత. మే నెలలో ఖాళీ గళ్ళు ఎనిమిది. ఆగస్టులో ఇరవై ఒకటి. వచ్చే నెల రివ్యూకి దాన్నే చుట్టి పట్టుకెళ్తాను. గోడ మీద ఉన్నన్నాళ్ళు రూమ్మేట్లు ఏకాదశి ఎప్పుడో చూసుకోవచ్చు.